సంక్రాంతి సెలవుల్లో మేనకోడలితో లగ్జరీ రైలు టూరు: ఏ రైలు మంచిది?

నల్లగొండ_మేనత్త:

అందరికీ నమస్తే. మాది నల్గొండ. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైర్ అయ్యాను. పెళ్లి చేసుకోలేదు, తమ్ముడి కుటుంబం పక్క వీధిలోనే ఉంటుంది, వాళ్ల బిడ్డ ఎనిమిదో తరగతి చదువుతోంది, 13 ఏళ్లు. నైట్ డ్యూటీలు లేని రోజుల్లో దాన్ని ఎత్తుకుని తిప్పింది నేనే కాబట్టి నాతో చనువు ఎక్కువ.

ఆ పిల్లకు రైళ్లంటే ప్రాణం. తిరుపతి వందేభారత్ మన స్టేషన్‌లో ఆగడం మొదలైనప్పటి నుంచి సెలవు దొరికితే ప్లాట్‌ఫాం మీదికి పోదామంటుంది. ఇంజిన్ నంబర్లు రాసుకోవడానికి ఒక నోట్‌బుక్ కూడా పెట్టుకుంది. రిటైర్మెంట్ డబ్బుల్లో కొంత పక్కన పెట్టి, ఈ చలికాలంలో దాన్ని ప్యాలెస్ ఆన్ వీల్స్ లాంటి రాజుల రైలు ఎక్కించాలని నా కోరిక. వచ్చే ఏడాది తొమ్మిది, ఆ తర్వాత పది, ఆపైన ఇంటర్, ఇంక దానికి ఊపిరి సలపదు. నా మోకాళ్లు కూడా ఇప్పుడు ఉన్నంత మంచిగ అప్పటికి ఉంటాయో లేదో.

తమ్ముడేమో ఆ డబ్బు బిడ్డ పేరు మీద ఎఫ్‌డీ చేయమంటున్నాడు. మరదలికి చలి అంటే టెన్షన్, ఎందుకంటే పిల్లకు చల్లగాలి తగిలితే పిల్లికూతలు వస్తాయి, ఇన్‌హేలర్ వాడుతుంది. ఇద్దరికీ కలిపి ఎనిమిది లక్షల చుట్టుపక్కల పెట్టగలను, అంతకు మించి కష్టం. అసలు ఈ రైళ్లలో పిల్లలకు బాగుంటుందా, అంతా పెద్దవాళ్లూ విదేశీయులే ఉంటారా, సంక్రాంతి సెలవుల్లో అయిపోతుందా, వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

సూర్యాపేట_టీచర్:

అక్కా, ఎఫ్‌డీ ఎప్పుడైనా చేయొచ్చు, 13 ఏళ్ల పిల్ల మళ్లీ 13 ఏళ్లకు రాదు. తీసుకెళ్లండి. కానీ ఏ రైలు అన్నది జర ఆలోచించాలి. మేము జనవరిలో ప్యాలెస్ ఆన్ వీల్స్‌లో వెళ్లాం, మా అక్క కొడుకును వెంట తీసుకుని. అందులో ఎట్లా గడుస్తుందో చెప్తాను.

బుధవారం సాయంత్రం ఢిల్లీ సఫ్దర్‌జంగ్ స్టేషన్‌లో ఎక్కిస్తారు, మళ్లీ బుధవారం పొద్దున అక్కడే దింపుతారు, ఏడు రాత్రులు. గురువారం జైపూర్, శుక్రవారం రణథంబోర్ అడవి, చిత్తోడ్‌గఢ్, శనివారం ఉదయ్‌పూర్, ఆదివారం జైసల్మేర్, సోమవారం జోధ్‌పూర్, మంగళవారం భరత్‌పూర్, ఆగ్రా. వినడానికి ఎంత బాగుందో చూడడానికీ అంత బాగుంటుంది, అందులో అనుమానం లేదు. ఒక్కో పెట్టెకు ఒక సహాయకుడు ఉంటాడు, పొద్దున చాయ్ దగ్గర నుంచి రాత్రి దుప్పటి వరకు అతనే చూసుకుంటాడు, మా పిల్లవాడు అతనితోనే ఎక్కువ దోస్తీ చేశాడు. మహారాజా, మహారాణి అని రెండు భోజనశాలలు, మన పప్పన్నం అడిగినా చేసిపెట్టారు.

ఇప్పుడు ఇబ్బందులు. సఫారీ ఉన్న రోజు తెల్లవారకముందే లేపి ఓపెన్ బండిలో ఎక్కిస్తారు. మన దగ్గర చలి అంటే శాలువా కప్పుకుంటే పోయే చలి. అక్కడ జనవరిలో బండి కదిలేసరికి ముఖం మొద్దుబారుతుంది. భరత్‌పూర్ పక్షుల పార్కు కూడా పొద్దున్నే, రిక్షాలో, అయితే అక్కడ చలికాలమే అసలు సీజన్, వలస పక్షులు దిగేది అప్పుడే కాబట్టి ఆ చలి పడక తప్పదు. ఆగ్రాలో మంచు తెర ఎంత దట్టంగా ఉందంటే తాజ్‌మహల్ ముందు నిలబడి కూడా చాలాసేపు ఏమీ కనిపించలేదు. పిల్లికూతలు ఉన్న పిల్లను డిసెంబరు, జనవరిలో ఢిల్లీ గాలిలోకి తీసుకెళ్లడం గురించి మీకు నేను చెప్పేదేముంది, మీరే నర్సు.

ఇంకొకటి, సెలవులు. సంక్రాంతికి బడికి సెలవులు వచ్చేది ఓ వారమే. మీరు హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో పోయినా ఒక రోజు పైన పడుతుంది, రాను మళ్లీ అంతే. విమానంలో పోయినా బుధవారం నుంచి బుధవారం అంటే పండుగ సెలవుల్లో ఇమడదు. ఈ రైలు సెప్టెంబరు నుంచి ఏప్రిల్ వరకు నడుస్తుంది కాబట్టి, రాజస్థానే కావాలంటే దసరా సెలవులకు పెట్టుకోండి, సెలవులూ ఎక్కువ, చలీ ఉండదు. పొగమంచు బెడద కూడా తప్పుతుంది.

పాలమూరు_పట్టాలు:

మేడమ్, మీ మేనకోడలు నా జట్టు మనిషి, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

ముందు తనను ఒకటి అడగండి: నీకు కావాల్సింది కోటలా, రైలా? ఎందుకంటే ఈ లగ్జరీ రైళ్లన్నీ ఎక్కువగా రాత్రి పూట నడుస్తాయి. పొద్దున ఏదో స్టేషన్‌లో నిలబడి ఉంటుంది, బస్సులో తీసుకెళ్లి ఊరు చూపించి, సాయంత్రం మళ్లీ ఎక్కిస్తారు, భోజనం చేసి పడుకుంటే రైలు బయలుదేరుతుంది. ఊళ్లు చూడాలనుకునే పెద్దవాళ్లకు ఇది చాలా సుఖం, పెట్టెలు మోయనక్కర్లేదు, రోజూ హోటల్ మారనక్కర్లేదు. కానీ కిటికీ దగ్గర కూర్చుని స్టేషన్ బోర్డులు చదవాలనుకునే పిల్లకు కిటికీ బయట చీకటి కనిపిస్తుంది. ఈ సంగతి టూరు బ్రోచర్లలో ఎవరూ రాయరు.

ప్యాలెస్ ఆన్ వీల్స్ 1982 జనవరి 26న మొదలైంది, అప్పట్లో సంస్థానాల రాజులు వాడిన పాత సెలూన్ పెట్టెలు, అంటే వాళ్ల సొంత రైలు పెట్టెలు, మీటర్ గేజ్ అనే ఇరుకు పట్టాల మీద. తర్వాత లైన్లు వెడల్పు పట్టాల బ్రాడ్ గేజ్ అయినప్పుడు కొత్త పెట్టెలు చేయించారు. అందువల్ల నిజంగా రాజులు కూర్చున్న పెట్టె అని పిల్లకు చెప్పకండి, తను వెతికి పట్టుకుంటుంది. మహారాజాస్ ఎక్స్‌ప్రెస్ 2010లో వచ్చింది, రైల్వే వాళ్ల టూరిజం సంస్థ ఐఆర్‌సీటీసీది, అన్నిటికంటే ఖరీదు, అందులో ప్రెసిడెన్షియల్ సూట్ ఒక్కటే పెట్టె మొత్తం ఆక్రమిస్తుంది. మీ బడ్జెట్‌లో దాని పెద్ద టూరు రాదు.

మీకు నేను చెప్పేది గోల్డెన్ చారియట్. 2008లో కర్ణాటక మొదలుపెట్టిన రైలు, మధ్యలో ఆగి 2024 డిసెంబరులో ఐఆర్‌సీటీసీ మళ్లీ నడపడం మొదలుపెట్టింది. ప్రైడ్ ఆఫ్ కర్ణాటక అని ఐదు రాత్రుల టూరు: బెంగళూరు, బండీపూర్, మైసూరు, హళేబీడు, చిక్కమగళూరు, హంపి, గోవా, మళ్లీ బెంగళూరు. మళ్లీ మొదలైన సీజన్‌లో ఒక్కొక్కరికి నాలుగు లక్షల చుట్టూ, ఆపైన 5 శాతం జీఎస్టీ. మూడు రాత్రుల చిన్న టూరు కూడా ఉంది, అది ఇంకా తక్కువలో అయిపోతుంది. ఢిల్లీ పొగమంచు లేదు, ఎముకలు కొరికే చలి లేదు, మన ఊరి నుంచి సగం రోజు దూరం.

ఇప్పుడు అసలు సంతోషం ఎక్కడుందంటే, బెంగళూరుకు పోయే దారిలో. కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్ వందేభారత్ ఉంది, 2023 సెప్టెంబరు నుంచి నడుస్తోంది. తెల్లవారుజామున కాచిగూడలో ఎక్కండి, ఆ స్టేషన్ భవనం 1916 నాటిది, పిల్లకు ఒకసారి ముందు నుంచి చూపించండి. అక్కడ నుంచి మహబూబ్‌నగర్, మా ఊరు. వనపర్తి రోడ్ దాటాక గద్వాల వచ్చేలోపు కృష్ణ దాటుతారు, కర్నూలు ముందు తుంగభద్ర. రెండు నదులు, రెండు వంతెనలు, పొద్దుటి వెలుగులో. మధ్యాహ్నానికి యశ్వంత్‌పూర్. వారంలో ఒక రోజు ఈ రైలు ఉండదు, అది చూసుకుని బుక్ చేయండి, టూరు మొదలయ్యే రోజు కాకుండా ముందు రోజే బెంగళూరు చేరండి.

గోవా వైపు పోయేటప్పుడు కాసిల్‌రాక్, కులెం మధ్య ఘాట్ వస్తుంది. మన దేశంలో బాగా నిటారుగా ఉన్న రైలు దారుల్లో అదొకటి, ప్రతి 37 మీటర్లకు ఒక మీటరు ఎత్తు. గోవా నుంచి పైకి ఎక్కే బండ్లకు వెనక అదనపు ఇంజిన్లు తగిలించి తోస్తారు. దూధ్‌సాగర్ జలపాతం ఆ లైను పక్కనే. మీ రైలు ఆ ముక్కను ఏ వేళప్పుడు దాటుతుందో బుకింగ్ వాళ్లను ముందే అడగండి, తెల్లవారుజామున అయినా సరే పిల్లను లేపండి, తిట్టుకోదు.

నల్లగొండ_మేనత్త:

మీ ఇద్దరికీ చాలా థాంక్స్. పాలమూరు అన్న చెప్పినట్టు అడిగాను. కోటలా రైలా అంటే అది కాసేపు ఆలోచించి, "అత్తా, ఆ రైల్లో ఇంజిన్ దగ్గరికి పోనిస్తారా" అంది. అంటే జవాబు దొరికినట్టే కదా. రాజస్థాన్ దసరాకు చూద్దాంలే అనుకుంటున్నా, ఇప్పటికి మనసు బెంగళూరు వైపే ఉంది.

ఢిల్లీ గాలి విషయం సూర్యాపేట చెల్లె చెప్పింది అక్షరాలా నిజం. ఆ పిల్ల ఊపిరి వినడం నాకు అలవాటు, నేను పక్కన ఉంటే భయం లేదు, కానీ తెలిసి తెలిసి తీసుకెళ్లను. ఇన్‌హేలర్, దానికి తగిలించే గొట్టం స్పేసర్ రెండూ చేతి సంచిలోనే పెట్టుకుంటాను, పెద్ద బ్యాగులో వేస్తే అవసరానికి దొరకవు.

ఇంకో రెండు సందేహాలు. నేను తల్లిని కాదు, మేనత్తను. హోటల్‌లోనో రైలులోనో పిల్ల గురించి అడిగితే ఏ కాగితం చూపించాలి? రెండోది, హైదరాబాద్‌లో ఒక ఏజెంట్ ఫోన్ చేసి, ఇవ్వాళే సగం డబ్బు వేస్తే తగ్గిస్తానంటున్నాడు, వేయొచ్చా?

దేవరకొండ_ప్రయాణాలు:

వేయకండి అమ్మా. నేను హైదరాబాద్‌లో టూరు ఆఫీసులో చేస్తాను, అందుకే గట్టిగా చెప్తున్నా. గోల్డెన్ చారియట్‌కు సొంత వెబ్‌సైట్ ఉంది, ఐఆర్‌సీటీసీ ద్వారానే బుక్ చేయండి. సికింద్రాబాద్‌లో వాళ్ల ప్రాంతీయ ఆఫీసు ఉంది, నేరుగా వెళ్లి మాట్లాడితే తేదీలు, క్యాబిన్ ఫొటోలు అన్నీ చూపిస్తారు. ఇవ్వాళే వేయాలి అని తొందరపెట్టేవాడికి రూపాయి కూడా పంపకండి. మా చుట్టాల్లో ఒకాయన ఇట్లాగే ఒక ప్రైవేటు ఏజెంట్‌కు అడ్వాన్స్ ఇచ్చాడు, రసీదు లేదు, టికెట్ రాలేదు, మనిషి ఫోన్ ఎత్తడం మానేశాడు. మీరు ముప్పై ఏళ్లు నైట్ డ్యూటీలు చేసి కూడబెట్టిన డబ్బు అది.

కాగితాల సంగతి: పిల్ల ఆధార్, బడి ఐడీ కార్డు, తల్లిదండ్రులిద్దరూ సంతకం పెట్టిన ఒక ఉత్తరం. "మా కూతురు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు తన మేనత్తతో ప్రయాణం చేయడానికి మాకు అభ్యంతరం లేదు, వైద్యం అవసరమైతే ఆమె నిర్ణయం తీసుకోవచ్చు" అని రాసి, వాళ్ల ఫోన్ నంబర్లు, ఆధార్ జిరాక్సులు జతచేస్తే చాలు. వైద్యం మాట తప్పకుండా రాయించండి, పిల్లికూతలు ఉన్న పిల్ల కాబట్టి. ఎవరూ అడగకపోవచ్చు, కానీ అడిగిన చోట ఇది లేకపోతే తిప్పలు.

తేదీలు మొదట చూడండి. ఈ రైళ్లు రోజూ బయలుదేరవు, సీజన్ మొత్తానికి కొన్ని తేదీలే ఉంటాయి. అవి పండుగ సెలవుల్లో పడకపోతే బడిలో ముందే మాట్లాడి సెలవు పెట్టించండి, ఎనిమిదో తరగతికి పెద్ద నష్టం లేదు. 13 ఏళ్లంటే పెద్దవాళ్ల టికెట్ కిందే లెక్క, పిల్లల తగ్గింపు వస్తుందని బడ్జెట్ వేసుకోకండి. క్యాబిన్ అడిగేటప్పుడు రెండు మంచాలు విడివిడిగా ఉండేది అడగండి, డబుల్ బెడ్ ఉన్నవీ ఉంటాయి. వీలైతే పెట్టె మధ్యలో ఉన్న క్యాబిన్ తీసుకోండి, చక్రాల మీద ఉండే చివరి క్యాబిన్లలో కుదుపు ఎక్కువ, మోకాళ్లు నొప్పి ఉన్నవాళ్లకు రాత్రి నిద్ర పట్టదు. భోజనాలు, ఊళ్లు తిప్పడం, గైడ్, టికెట్లు రేటులోనే కలిసి ఉంటాయి. స్పా, బట్టలు ఉతికించడం, సహాయకులకు ఇచ్చే బక్షీసు వేరే, దానికి కొంత నగదు పెట్టుకోండి. పెద్ద సూట్‌కేసు వద్దు, క్యాబిన్‌లో పెట్టడానికి జాగా ఉండదు, మెత్తటి బ్యాగులు రెండు తీసుకెళ్లండి.

భువనగిరి_బిడ్డ:

అత్తమ్మా, ఇందులో మిగతావాళ్లందరూ తీసుకెళ్లినవాళ్లు, నన్నేమో తీసుకెళ్లారు. మా బాబాయి నన్ను గోల్డెన్ చారియట్‌కే తీసుకెళ్లాడు, అప్పుడు నాకు మీ మేనకోడలి వయసే. అటువైపు నుంచి ఎట్లా ఉంటుందో చెప్పాలనిపించింది.

రైల్లో నా ఈడువాళ్లు ఎవరూ లేరు. మొదటి రోజు భయంగా ఉంది, అందరూ ఇంగ్లిష్, అందరూ పెద్దవాళ్లు. రాత్రి భోజనం ఒక్కటే చాలా కష్టమనిపించింది, ఒక్కొక్కటిగా తెస్తారు, మధ్యలో చాలాసేపు ఆగాలి, పెద్దవాళ్లు మాట్లాడుకుంటూ ఉంటారు, నాకు నిద్ర ముంచుకొచ్చేది. బాబాయి అది గమనించి రెండో రోజు నుంచి నాకు ముందే తినిపించమని చెప్పాడు, తను కూడా త్వరగా లేచేవాడు. మీరూ అట్లా చేయండి. పొద్దున పెద్దవాళ్లు లేవకముందు, రైలు ఇంకా కదులుతున్నప్పుడు మేమిద్దరం కిటికీ దగ్గర కూర్చునేవాళ్లం, చాయ్ తెప్పించుకునేవాళ్లం. మా బాబాయి ఇంట్లో ఎక్కువ మాట్లాడడు. వాళ్ల నాన్న పొలం అమ్మిన సంగతి, తను హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగం చేసిన రోజుల సంగతి నాకు ఆ కిటికీ దగ్గరే చెప్పాడు. మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు కూడా.

చూసినవాటిలో నాకు బాగా గుర్తున్నది హంపి రాతి రథం. యాభై రూపాయల నోటు వెనక ఉండే బొమ్మ అదే, పోయేముందు తనకు ఒక నోటు ఇచ్చి అక్కడ పక్కపక్కన పెట్టి చూడమనండి. హళేబీడుకు పోయే ముందు మీ ఊరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి ఒకసారి తీసుకెళ్లండి. గర్భగుడిలో పగలంతా కదలకుండా ఉండే ఆ నీడ సంగతి తనకు తెలిసే ఉంటుంది. ఆ స్తంభాలను దగ్గర నుంచి చూసి పోతే హళేబీడులో గైడ్ చెప్పేది వినాలనిపిస్తుంది. నాకు ఎవరూ అట్లా చూపించలేదు, అన్ని గుళ్లూ ఒకేలా కనిపించాయి.

మరీ ఫొటోల కోసం నిలబెట్టకండి. ఒక పూట తనకు ఇష్టం లేకపోతే ఊరు చూడకుండా రైల్లోనే ఉండిపోనివ్వండి, స్టేషన్‌లో నిలబడిన రైలు చుట్టూ తిరగడమే తనకు పండుగ.

పాలమూరు_పట్టాలు:

భువనగిరి బిడ్డ చెప్పిన ఆ చివరి మాట నూటికి నూరుపాళ్లు. ఇంజిన్ దగ్గరికి పోనిస్తారా అన్నదానికి జవాబు: లోపలికి ఎక్కనివ్వరు, అది రూలు, అడిగి ఇబ్బంది పెట్టకండి. ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్నప్పుడు ముందుకు నడిచి చూడొచ్చు, నంబర్ రాసుకోవచ్చు, లోకో పైలట్ ఖాళీగా ఉంటే పలకరిస్తాడు. టూరులో ఇంజిన్ మారుతూ ఉంటుంది, ప్రతి ఉదయం కొత్త నంబర్ దొరుకుతుంది.

మంచు చూడాలని అడిగితే అది ఇంకో ఏడాదికి దాచిపెట్టండి. కాల్కా నుంచి సిమ్లా చిన్న రైలు, 1903 నాటి లైను, 96 కిలోమీటర్లు, పగలే నడుస్తుంది. లేదంటే కట్రా నుంచి శ్రీనగర్ వందేభారత్, 359 మీటర్ల ఎత్తున చీనాబ్ వంతెన మీదుగా. ఇవి లగ్జరీ టూర్లు కావు, వేలల్లో అయిపోతాయి, కానీ రైలు పిచ్చి ఉన్న పిల్లకు వీటిలో దొరికేది రాజుల రైల్లో కూడా దొరకదు. ఊపిరి సంగతి మాత్రం డాక్టర్‌ను అడిగాకే.

నల్లగొండ_మేనత్త:

నిన్న తమ్ముడినీ మరదలినీ కూర్చోబెట్టి ఇవన్నీ చదివి వినిపించాను. ఢిల్లీ కాదు, బెంగళూరు అనగానే మరదలి ముఖం తేటపడింది. ఎఫ్‌డీ గురించి తమ్ముడితో ఒక ఒప్పందానికి వచ్చాం: మూడు రాత్రుల టూరు తీసుకుంటాం, ఐదు రాత్రులదానికీ దానికీ మధ్య మిగిలే డబ్బు పిల్ల పేరు మీద వేస్తాను. అయితే మూడు రాత్రుల టూరులో గోవా ఘాట్ రాదు కదా, అదొక్కటే దానికి బాధ. వచ్చే దారిలో మామూలు రైల్లో పగటి పూట ఆ ఘాట్ దాటించడానికి వీలుంటుందా, ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగాలి, పాలమూరు అన్న చెప్పాలి. సోమవారం సికింద్రాబాద్ ఆఫీసుకు పోతున్నాం, నోట్‌బుక్ పట్టుకుని అది కూడా వస్తుందట, ప్రశ్నలన్నీ రాసి పెట్టుకుంది.

పాలమూరు_పట్టాలు:

హుబ్బళ్లి లేదా లోండాలో పొద్దున ఎక్కండి, కులెం లేదా మడ్గావ్‌లో దిగండి. గోవా వైపు దిగేటప్పుడు దూధ్‌సాగర్ ఎడమ వైపా కుడి వైపా అని తొందరపడి సీటు చూసుకోనక్కర్లేదు, దారి మలుపులు తిరుగుతుంది కాబట్టి తలుపు దగ్గర టీటీఈ ఉంటే అడగండి, చెప్తారు. తలుపులో మాత్రం నిలబడనివ్వకండి. మీ తేదీలు ఖరారయ్యాక ఇక్కడ రాయండి, ఆ రోజుకు ఏ రైలు పగటి వేళ పోతుందో చూసి చెప్తాను.